బయ్యూమీ వెలిగించిన దీపం

"లేవయ్యా దిస్సూకీ. ఆ కుర్చీ ఇక నాది," అన్నాడు బయ్యూమీ, టీకొట్టు మరుగుదొడ్డిలోంచి బయటికి వస్తూనే.

వీధివైపు కిటికీ పక్కనుండే కుర్చీ అది. రిటైరైన ట్రాము డ్రైవరు దిస్సూకీ దాన్ని ఏనాడూ ఎవరికీ వదల్లేదు. ఎదురు మేడ నాలుగో అంతస్తులో కాపురముండే బయ్యూమీ కన్ను ఎప్పట్నుంచో దాని మీదే.

ఈ గొడవకు మూలం యూనివర్సిటీ పిల్ల నాహిద్. వారం కిందట మరుగుదొడ్డి గొట్టానికి ఒక బురద డబ్బా బిగించింది. ఆ బురదలో కంటికి కనబడని జీవులున్నాయట. వచ్చింది వచ్చినట్టు తిని కరెంటు పుట్టిస్తాయట. ఆ కరెంటుకు గుమ్మం పైన ఒక బల్బు. మా అలెగ్జాండ్రియా మగాళ్లకు ఇంతకుమించి చెప్పాలా? ఎవరి దీపం పెద్దదో తేల్చుకోవాలన్నారు. గెలిచినవాడిదే కుర్చీ.

దిస్సూకీ మూడు గ్లాసుల చెరుకురసం తాగి మరీ వెళ్లాడు. బల్బు మినుకుమని ఊరుకుంది. బయ్యూమీ వేలికంటిన బస్బూసా మిఠాయి పాకం నాక్కుంటూ తీరిగ్గా వెళ్లాడు. బల్బు భగ్గుమంది. సాయంత్రం వీధంతా తెల్లబడింది. పాచికలాడేవాళ్లు ఆట మానేసి చప్పట్లు కొట్టారు.

"అరవై ఏడేళ్లురా నాకు. చూసుకోండి," అంటూ బయ్యూమీ కుర్చీలో సుల్తానులా కూలబడ్డాడు. పాపం, దిస్సూకీకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

అంతలో నాహిద్ వచ్చింది. "ఇందాకటి వెలుగు ఎవరిది?"

"ఇంకెవరిది? పేరు రాసుకో, అమ్మాయ్."

రాసుకుంది. "రేపు పరగడుపున ఆసుపత్రికి రండి, బాబాయ్."

"సన్మానమా?"

"రక్తపరీక్ష. కరెంటే కావాలంటే వీధి స్తంభం లేదా? ఆ జీవులకి చక్కెరంటే ప్రాణం. మూత్రంలో షుగరు ఎంత పోతే బల్బు అంత వెలుగుతుంది. సూది గుచ్చకుండా జబ్బు పట్టుకోడానికి పెట్టాం."

కొట్టంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది దిస్సూకీ.

బయ్యూమీ అతని చేయి పట్టుకున్నాడు. "మా ఆవిడతో అనకండర్రా. షుగరొచ్చాక స్వీటు ముట్టనని ఒట్టేశాను. కుర్చీ కూడా నువ్వే తీసుకో."

"అబ్బే, గెలిచింది నువ్వు," అన్నాడు దిస్సూకీ.

నాహిద్ మాత్రం నేలచూపులు చూస్తోంది.

ఇంతలో కిటికీకి ఎదురుగా, అవతలి మేడ నాలుగో అంతస్తునుంచి తాడు కట్టిన బుట్ట దిగింది. బయ్యూమీ భార్య రోజూ కూరగాయలకు దింపే బుట్టే. అందులో మందుబిళ్లలు, ఒక గిన్నెలో ఉప్పుకారం లేని ఉడికించిన సొరకాయ, ఒక చీటీ ఉన్నాయి. నాహిదే వెళ్లి తెచ్చి చదివింది.

"డబ్బా పెట్టించింది నేనే. వెలుగు బాల్కనీ దాకా వచ్చింది. ఇకమీదట రోజూ ఆ కుర్చీలోనే కూర్చో, నాకు పైనుంచి చక్కగా కనబడతావు."