ఒక్క గ్లాసూ పగల్లేదు

కొత్త దేశంలో మొదటి ఉదయం. దర్జీ కళ్ళు తెరిచీ తెరవకముందే వంటగదిలోంచి భార్య గొంతు వినిపించింది.

"ఏమండీ, ఒక్క గ్లాసూ పగల్లేదు."

ఆవిడ అలమర ముందు నిలబడి గాజు గ్లాసుల్ని ఒక్కొక్కటే గోటితో మీటి చూస్తోంది. దర్జీ గబగబా ముందుగదిలోకి వెళ్ళి కుట్టుమిషను చక్రం తిప్పాడు. సూది ఎప్పటిలాగే సాఫీగా దిగింది. అప్పటికిగానీ అతని మనసు కుదుటపడలేదు.

భయపడ్డారంటే పడరూ మరి. ఆ మధ్య బావమరిది దేశం మారినప్పుడు తల ప్రాణం తోకకొచ్చింది. బీరువా ఒక లారీలో వస్తే దాని తలుపులు ఇంకో లారీలో వచ్చాయి. పరుపులు అసలు రానేలేదు. వాళ్ళ పిల్లి కొత్త ఇంటిమీద అలిగి మంచం కిందే కాపురం పెట్టింది. ఆ కథంతా విన్నాక దర్జీ భార్యకు కంటిమీద కునుకుంటే ఒట్టు.

"మీరు ఒక్క వస్తువు కూడా కదపక్కర్లేదమ్మా. అంతా మావాళ్ళు చూసుకుంటారు," అని ఆఫీసరు చెప్పినా ఆవిడ నమ్మలేదు. "అందరూ అలాగే అంటారు లెండి," అని మూతి తిప్పింది. ఇప్పుడు చూస్తే అన్నమాట అక్షరాలా నిలబెట్టుకున్నాడు మహానుభావుడు. మల్లె కుండీ ఆకు రాల్చలేదు. పిల్లి కిటికీలో కాళ్ళు బారజాపుకుని గురక పెడుతోంది.

ఇంతలో పక్కింటావిడ గిన్నె పట్టుకుని రానేవచ్చింది.

"వదినా, కాస్త చక్కెర పెడతావా?"

కొత్త దేశమన్న మొహమాటం కూడా లేదు మనిషికి. దర్జీ భార్య గిన్నె నిండా పోసి పంపింది. ఇవాళ ఎవరేమడిగినా కాదనేట్టు లేదు ఆవిడ.

ఆ సంతోషమంతా కూతురి గురించే. పిల్లని ఇచ్చింది ఈ దేశంలోనే. పెళ్ళినాటికి రాకపోకలుండేవి. తర్వాత రెండు ప్రభుత్వాలకూ చెడింది. మాటలకేం, ఫోనుంది, మాట్లాడుకునేవాళ్ళు. కానీ పిల్ల తల నిమిరి ఏళ్ళయింది. అనుమతి కోసం దర్జీ ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. ఇప్పుడు పిల్లకు నెలలు నిండాయి. తొలి కాన్పు. "నేను పక్కన లేకపోతే అది భయంతోనే సగమైపోతుందండీ," అని భార్య ఏడవని రోజు లేదు. అందుకే, దేశం మారడం ఇష్టమేనా అని ఆఫీసరు అడిగినప్పుడు మొగుడూ పెళ్ళాలు ఒక్క గొంతుతో సరేనన్నారు.

"ఇంకా కూర్చున్నారేం? పిల్ల దగ్గరికి పోదాం పదండి."

"కొత్త కార్డులు చేతికొచ్చేదాకా గడప దాటొద్దన్నారుగా. కాస్త ఓపిక పట్టు."

"ఓపికంతా అయిపోయింది."

అప్పుడే ఫోను మోగింది. అవతల అల్లుడు.

"అత్తయ్యా, నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రి దూరమని నర్సు ఇంటికే వచ్చింది. మీరెక్కడున్నారని మీ అమ్మాయి అడుగుతూనే ఉంది."

ఆవిడ చెప్పుల్లో కాళ్ళు పెట్టేసింది. దర్జీ గుమ్మానికి అడ్డం వెళ్ళాడు. కార్డు లేకుండా వెళ్తే ఎవరైనా ఆపి, మొదటిరోజే వెనక్కి పంపేస్తే? ఇన్నేళ్ళ ఎదురుచూపూ బూడిదలో పోసిన పన్నీరవుతుంది.

"ఆగు, ఒక్క పది నిమిషాలు."

"పట్టుకుంటే పట్టుకోనీండి. జైల్లో పెట్టేలోపు పిల్ల ముఖం చూసొస్తాను."

తలుపు తీసేసరికి ఎదురుగా ఆఫీసరు. ఆయాసపడుతున్నాడు.

"ఇవిగోనమ్మా కార్డులు. ఏమైనా ఇబ్బంది కలిగిందా?"

"ఇబ్బందా బాబూ? ఒక్క గ్లాసూ పగల్లేదు. నువ్వు చల్లగా ఉండాలి." కార్డు లాక్కున్నంత పనిచేసి ఆవిడ మెట్లు దిగిపోయింది.

ఆఫీసరు ఆవిడ వెళ్ళినవైపే చూశాడు. "మెచ్చుకున్నది ఈవిడొక్కరే సార్. పొద్దున్నుంచీ అందరిచేతా తిట్లు తింటున్నాను."

ఆయన కోటు గుండీ ఒకటి దారానికి వేలాడుతోంది. దర్జీ కోటు విప్పించి, ఆయన్ని కూర్చోబెట్టి, సూదిలో దారం ఎక్కించాడు. కాన్పుగదిలో మగవాళ్ళతో పనేముంది. కృతజ్ఞత చెప్పడం అతనికి చేతకాదు, కుట్టడం వచ్చు. అందుకని మెలి మీద మెలి వేసి కుట్టాడు.

"కోటు చిరిగినా ఈ గుండీ ఊడదు సార్. మా ఆవిడ ఈపాటికి పిల్ల చెయ్యి పట్టుకునుంటుంది. అదంతా మీ చలవే." పళ్ళతో దారం తెంపి కోటు అందించాడు.

సాయంత్రానికి మనవడు పుట్టాడు. తల్లీ బిడ్డా క్షేమం. దర్జీ వెళ్ళేసరికి భార్య కూతురి తల నిమురుతూ మంచం పక్కనే ఉంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి, నవ్వు ఆగడం లేదు.

"దేశం మారి అలిసిపోయుంటావు, కాసేపు నడుం వాల్చమ్మా," అంది కూతురు నీరసంగా నవ్వుతూ.

దర్జీ మనవణ్ణి పొత్తిళ్ళతో సహా ఎత్తుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి, వీధికి అటుపక్క తాను పుట్టిననాటి నుంచీ ఉంటున్న ఇంటినీ, నిన్న సిపాయిలు ఈ వీధి నడుమ నుంచి పెకలించి ఆ ఇంటి పెరటి గోడ వెనకాల పాతిన సరిహద్దు కంచెనూ వాడికి చూపించాడు.