ఏడో గీత

“తుపాకి మాత్రం మనింటి గడప తొక్కడానికి వీల్లేదు,” అంది భానుప్రియ, ఎనిమిది నెలల ఈషాని భుజాన వేసుకుని జోకొడుతూ.

“తుపాకి కాదు భానూ, దాని వెనకాల చెక్క. భుజానికి ఆనించుకునేది. అసలు తుపాకి ఆయన బీరువాలో తాళంలో ఉంది. అయినా ఇంట్లోకెందుకు, సైకిళ్ళ షెడ్డులో చూసుకుంటాం,” అన్నాడు విక్రాంత్.

“ఆయనకి కరోనా లేదని ఏంటండీ గ్యారంటీ?”

“డెబ్భై ఎనిమిదేళ్ళాయన. మనల్ని చూసి ఆయన భయపడాలి.”

పక్కింటి లెఖ్నర్ దంపతులకి పిల్లల్లేరు. జర్మనీలోని ఈ డెగ్గెన్‌డార్ఫ్ వచ్చిన కొత్తలో ఏ చెత్త ఏ డబ్బాలో వెయ్యాలో భానుప్రియకి నేర్పింది వాళ్ళే. ఆమె వాళ్ళని తాతా, మామ్మా అంటుంది. అర్థం తెలియకపోయినా ఇద్దరూ పలుకుతారు.

షెడ్డు తలుపులు బార్లా తీసి, మాస్కులతో దూరదూరంగా నిలబడ్డారు. ఒక ఇంటివాళ్ళని బయటివాళ్ళు ఒక్కరే కలవాలని ఆ జనవరిలో రూలు. అందుకే తాత ఒక్కడే వచ్చాడు. చంకలో మామ్మ నల్లకోటు.

“సన్నబడ్డారు తాతా,” అంది భానుప్రియ. ఆమె మాటలు జర్మన్‌లోకీ ఆయన మాటలు తెలుగులోకీ మార్చే పని విక్రాంత్‌ది.

“బీరు హాళ్ళు మూసేశారుగా,” అని నవ్వాడు తాత. బెల్టుకి కొత్త బెజ్జాలు పొడిచి ఉన్నాయి.

సంగతి ఆయనే చెప్పాడు. వాళ్ళ షూటింగ్ క్లబ్బులో ఎవరైనా పోతే సమాధి దగ్గర మూడుసార్లు తుపాకి పేల్చడం ఆనవాయితీ. గుండు ఉండదు, మందు మాత్రమే. తాత దగ్గరున్నది వాళ్ళ నాన్న కాలంనాటి తుపాకి. గుర్రంలా వెనక్కి తంతుంది.

“మొదటి తన్నుకే భుజం జడిసిందంటే రెండోది పేల్చడానికి చెయ్యి రాదు. మూడూ పేలాలి. ఒక మొండి ముసలాడి కోరిక అది. ఆస్పత్రివాళ్ళు చేసేదేం లేదని ఇంటికి పంపేశారు.”

“అయ్యో!” అంది భానుప్రియ.

“కానీ ఇప్పుడు సమాధి దగ్గరికి ఇంటివాళ్ళని తప్ప రానివ్వట్లేదు కదా, మిమ్మల్ని రానిస్తారా?” అడిగాడు విక్రాంత్.

“నేను లేకుండా అది మొదలే కాదు,” అన్నాడు తాత.

తాత ముందే ఇచ్చి వెళ్ళిన చెక్కని తొలిచి, తన్ను తగ్గించడానికి పోస్టులో తెప్పించిన బఫర్‌ని విక్రాంత్ అప్పటికే అందులో బిగించాడు. బొటనవేలంత గొట్టం, లోపల స్ప్రింగు, నూనె. చివర మర, దాని చుట్టూ పది గీతలు. గీత పెరిగేకొద్దీ తన్ను మెత్తబడుతుంది. తాత అడిగాడని చెక్కని మూడు సెంటీమీటర్లు పొట్టి కూడా చేశాడు. “చలికాలం కోటు మందం కలుస్తుందిగా,” అన్నాడు తాత.

దూలానికి ఐదు కిలోల బియ్యం సంచి వేలాడదీశాడు విక్రాంత్. చెక్కని భుజానికి ఆనించుకుని, సంచి ఊగివచ్చి గుద్దుకునేలా వదిలాడు. “నాలుగో గీత చాలు. నాకేం తెలియట్లేదు.”

తాత తల అడ్డంగా ఊపాడు. “అమ్మాయిని పట్టుకోమను.”

“నేనా? బాలింతనండీ బాబూ!”

“బియ్యం సంచేగా భానూ, వారానికోటి నువ్వే మోసుకొస్తావ్.”

పిల్లని మొగుడికిచ్చి, తాత అందించిన మామ్మ కోటు తొడుక్కుంది. కుట్టించినట్టు సరిపోయింది. సంచి గుద్దింది.

“అమ్మో! ఈ భుజం మీదే పిల్ల పడుకోవాలి.”

ఐదు. ఆరు. ఏడో గీత దగ్గర ఆమె ముఖం తేటపడింది. “ఇప్పుడు ఈషా నిద్రలో తలతో కొట్టినట్టుంది, అంతే.”

విక్రాంత్ ఆ మాట చెప్పగానే తాత కళ్ళు మెరిశాయి. “అక్కడే ఆపు.”

“మీ బరువుకి అంత మెత్తన అక్కర్లేదు.”

“ఏడే,” అన్నాడు తాత. మర మీద ఎర్రరంగు చుక్క పెట్టించుకున్నాడు. వెళ్తూ వెనక్కి తిరిగి, “రేజీకి ఇప్పుడే చెప్పకండి,” అన్నాడు. రేజీ అంటే మామ్మే. వాళ్ళిద్దరి పరిచయం ఆ క్లబ్బులోనేనట.

“ఈ వయసులో తుపాకులేంటని తిడుతుందని భయం,” అని నవ్వింది భానుప్రియ.

ఫిబ్రవరిలో విక్రాంత్ ఆఫీసులో ఒకరికి పాజిటివ్ వచ్చింది. ఇంటిల్లిపాదీ పద్నాలుగు రోజులు క్వారంటైన్. రోజుకి నాలుగుసార్లు పిల్ల ఒళ్ళు వేడి చూడటమే పనైంది భానుప్రియకి. మొదటి వారం పాలూ బ్రెడ్డూ తాతే తెచ్చి గుమ్మంలో పెట్టి, బెల్లు కొట్టి వెళ్ళేవాడు. రెండో వారం మామ్మ పెట్టింది.

ఆఖరి రోజు పదకొండింటికి, కొండవైపు స్మశానం నుంచి ఢామ్మని మోత. ఈషా ఉలిక్కిపడింది. భానుప్రియ పిల్ల చెవులు మూసి లెక్కపెట్టింది. రెండు. ఊపిరి బిగబట్టింది.

మూడు.

“మూడూ పేలాయండీ!”

“ఏడో గీత మరి,” అన్నాడు విక్రాంత్.

“ఆ ముసలాయన ఎవరో పాపం. పోనీలెండి, అనుకున్నట్టే జరిగింది.”

మర్నాడు డబ్బాలో సున్నుండలు పెట్టుకుని పక్కింటి బెల్లు కొట్టి, రెండు మీటర్లు వెనక్కి జరిగి నిలబడింది. మామ్మ తలుపు తీసింది. ఒంటి మీద ఆ నల్లకోటు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. పోయినాయన ఈవిడకీ స్నేహితుడే కాబోలు అనుకుంది భానుప్రియ.

లోపల తాత కోసం చూస్తూ, తనకొచ్చిన జర్మన్ మాటలు నాలుగూ కూడదీసుకుంది.

“తుపాకి... భుజం... నొప్పి ఉందా?”

“అస్సలు లేదమ్మా,” అంది మామ్మ, తన కుడి భుజం తడుముకుంటూ.