మూడో వరుస నుంచి చదవండి

“ఎడమ కన్ను మూసుకోండి.”

డ్రైవరు అరచేత్తో కన్ను మూసుకున్నాడు. తన భయం కళ్ళ డాక్టరు మేడమ్ ఎక్కడ కనిపెట్టేస్తుందోనని మోచేతిని పక్కటెముకలకి అదిమిపెట్టాడు.

ముప్పై ఏళ్ళుగా స్టీరింగు పట్టిన మనిషి. ఇప్పుడు నడిపేది స్కూలు బస్సు, నలభై రెండు మంది పిల్లలు. కంటి పరీక్ష కాగితం మీద ఈవిడ సంతకం పడకపోతే రేపటి నుంచి ఇంట్లో కూర్చోవడమే. పడితే? అది తలుచుకుంటే ఇంకా భయం. పోయిన వారం మలుపులో గోనెసంచి అనుకున్నది తీరా దగ్గరికెళ్ళేసరికి కూర్చున్న మనిషి! బ్రేకు తొక్కాక పది నిమిషాలు బస్సు అక్కడే ఆపుకుని కూర్చున్నాడు. ఆ సంగతి భార్యకి కూడా చెప్పలేదు.

ఇందాక గుమ్మంలో అటెండరు ఎదురయ్యాడు. చేతిలో సుత్తి, చంకలో చుట్టచుట్టిన పాత కాగితం. “ఏంటి సార్, అప్పుడే ఫెయిలైనట్టు మొహం పెట్టారు?” అని ఎగతాళి కూడా చేశాడు.

“ఏంటండీ అంత బిగుసుకుపోయారు? కోసేస్తానా ఏమన్నా?” మేడమ్ నవ్వింది. “ఏ వయసు కళ్ళకి ఆ తంటా. పిల్లలకి దూరంవి ఆనవు, నలభై దాటితే చత్వారం, అరవై దాటితే శుక్లాలు. మీ ఇంట్లో అందరివీ చూసింది నేనేగా! అమ్మాయి కొత్త కళ్ళజోడు పెట్టుకుంటోందా?”

“పెట్టుకుంటోందండీ. తలనొప్పి అని ఒకటే గోల.”

“అలవాటవుతుంది. మీ అమ్మగారో?”

“శుక్లాలు లేవన్నారుగా మీరు. మొన్న టీ గ్లాసులో కాకుండా బల్ల మీద పోసింది.”

“పెద్దవయసు పరధ్యానం. కంగారు పడకండి.”

మేడమ్ అతని పక్కనే కుర్చీ లాక్కుని గోడకేసి తిరిగి కూర్చుంది. “మూడో వరుస నుంచి చదవండి.”

డ్రైవరు గోడకేసి చూశాడు. పైన నల్లటి ముద్ద. దాని కింద చీమలు. ఫరవాలేదు, కూతుర్ని తీసుకొచ్చిన రోజే చార్టుని ఫోనుతో ఫొటో తీసుకున్నాడు. అమ్మాయి చదివి వినిపిస్తుంటే వారం రోజులు ఎక్కాల్లా బట్టీ పట్టాడు. ఎందుకు నాన్నా అంటే, ఊరికేనే అన్నాడు.

“ల... ట... గ... ప.”

“ఊఁ, తర్వాత?”

“న, డ, ర, క, చ.”

మేడమ్ గోడకేసే చూస్తోంది. డ్రైవరుకి పై ప్రాణాలు పైనే పోయాయి.

“ఆఖరి వరుస?”

“మ, వ, ద, బ, స, త.”

“ఒక్కటీ తప్పు లేదు! ఇక రెండో కన్ను.”

రెండో కంటితోనూ గడగడా అప్పజెప్పేశాడు. తీరా అప్పజెప్పాక ఆ మలుపులో కూర్చున్న మనిషి కళ్ళ ముందు మెదిలాడు.

“మేడమ్... ఇంకోసారి చూస్తారా? నాకే ఏదో అనుమానంగా ఉంది.”

“పాతికేళ్ళ సర్వీసండీ నాది! నన్ను బురిడీ కొట్టించి ఒక్కడూ బయటికి పోలేదు.”

మేడమ్ బల్లంతా తడిమి స్టాంపు అందుకుంది. “ఈ గదికి సరైన లైటు పెట్టించండ్రా బాబూ అంటే వినేవాడు లేడు,” అని విసుక్కుంటూ కాగితాన్ని మొహం దగ్గరికి తీసుకుని సంతకం గీకేసింది.

డ్రైవరు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. బతుకుజీవుడా అనుకోవాల్సింది, అనుకోలేకపోయాడు. మూడున్నరకి స్కూలు వదులుతారు. నలభై రెండు మంది ఎక్కుతారు, వాళ్ళలో తన కూతురూ ఉంటుంది. ఇవాళ ఇంకా మెల్లిగా నడపాలి, అంతే.

తలుపు తీసేసరికి అటెండరు లోపలికి తల పెట్టాడు.

“మేడమ్, ఇందాక మీరు రాకముందు గోడకి కొత్త అక్షరాల చార్టు కొట్టాను, చూశారా?”