వేరు పొయ్యి

“నీ చేతి గంజి తాగితే నా బిడ్డ బతకది. నా పొయ్యి నాకు కావాలె.”

సుజాత గొంతు గూడెం చివరి ఇంటిదాకా వినిపించింది. ఆ ఊపులోనే ఒక చట్టి తీసి వాకిట్లో పగలగొట్టింది. అడుగు చిల్లిపడి ఎప్పుడో మూలకు చేరిన చట్టి.

“పో. ఏ రాళ్ల మీద వండుకుంటవో వండుకో,” అంది అత్త జంపక్క. “నా కొడుకును మింగింది చాలక నన్ను తినొచ్చినవ్.”

రోహిణి కార్తె ఎండలో కూడా జనం పోగయ్యారు. పెద్దమనిషి దూలయ్య తువ్వాలుతో అరుగు దులుపుకుని కూర్చున్నాడు. సుజాత భర్త వీరబాబు జ్వరంతో పోయి ఏడాది తిరగలేదు. అప్పుడే అత్తాకోడళ్లు ఇట్లా వాకిట్లో పడతారని ఎవరూ అనుకోలేదు.

ఇంట్లోంచి వేరుపడాలంటే ఆ గూడెంలో ఒక పద్ధతి ఉంది. పాత పొయ్యిలోని బూడిద దోసిట్లో పట్టుకుని గడప దాటాలి. వద్దనుకున్నవి పెద్దల ముందు పేరుపేరునా చెప్పి బూడిద వదలాలి. వదిలిన బూడిదను ఎవరూ మళ్లీ ఎత్తుకోరు. అన్న మాటా అంతే.

“కోపంల అంటున్నవా బిడ్డా?” అడిగాడు దూలయ్య.

“కోపం గీపం లేదు తాతా. ఈ ఇంటి కంచం వద్దు, కల్లం వద్దు, గొడ్డు వద్దు, వాగొడ్డు చెలక వద్దు. నా బిడ్డ, నా పొయ్యి. గంతే.”

బూడిద వదిలేసింది. గాలికి సగం ఆమె కాళ్ల మీదే పడింది. మరిది రాంబాబు పక్కనే తల వంచుకుని నిలబడ్డాడు.

జనం వెళ్లిపోయారు. ఇంటి వెనక కొట్టంలోకి రాగానే సుజాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

“అబ్బ, ఏం తిట్టినవత్తా. కొడుకును మింగింది అని కూడా అంటివి. అది మనం అనుకున్నదాంట్ల లేదు గద?”

జంపక్క నవ్వలేదు. కళ్లు తుడుచుకుంది. తుడిచినకొద్దీ కారుతూనే ఉన్నాయి.

“నాటకం అయిపోయింది, ఇగ ఆపు,” అని సుజాత అత్త భుజం తట్టింది.

నాటకం రాంబాబు నేర్పిందే. ఏమేం వద్దనాలో కూడా అతనే వరసగా చెప్పాడు.

సుజాత కూతురు ముత్యాలుకు పుట్టినప్పటి నుంచీ ఆయాసం. పొయ్యి రాజేస్తే చాలు, పక్కటెముకలు ఎగిరెగిరి పడేవి. ఈ పిల్లకు పొగ తగలనియ్యకు అని దవాఖానాలో డాక్టరమ్మ చెప్పింది. సర్కారు సబ్సిడీ మీద పొగలేని పొయ్యిలు ఇస్తుందని సుజాత విన్నది. మట్టిపొయ్యికి గొట్టం బిగించి కప్పు పైకి తీస్తే పొగ ఇంట్లో నిలవదు. కానీ ఇంటికి ఒక్కసారే. జంపక్క ఇంటికి ఎప్పుడో ఇచ్చారు. ఆ గొట్టం కోతులు విరగ్గొట్టి కూడా చాన్నాళ్లయింది.

“పొయ్యి వేరైతే ఇల్లు వేరు లెక్క, వదినా,” అన్నాడు రాంబాబు. ఇంటర్ దాకా చదివినవాడు. “ఉత్తగ చెప్తే నమ్మరు. సార్లు వచ్చి ఊరోళ్లను అడుగుతరు.”

“బూడిద వదిలినంక మళ్ల ఎట్ల కలుస్తం?”

“మన ఇంట్ల మనకేంది? గొట్టం పడంగనే గూడేనికి నేను చెప్త గద.”

సుజాత ఏడో తరగతిలో బడి మానింది. ఆఫీసుల సంగతి ఆమెకేం తెలుసు. పిల్ల ఊపిరి తెలుసు, అంతే.

కొట్టంలో మూడు రాళ్లు పెట్టుకుంది. గొట్టం వస్తే జల్దీ బిగిస్తారని తాటాకు కప్పులో తనే బొక్క చేసి ఉంచింది. వానలు మొదలయ్యాక ఆ బొక్కలోంచి నీళ్లు నేరుగా పొయ్యి మీదికే కారేవి. తడిసిన కట్టెలు ఇంకా పొగ చిమ్మేవి. పిల్లను చంకనేసుకుని చూరు కింద నిలబడేది.

రాంబాబు ఎదురుపడినా పలకరించేవాడు కాదు. వీరబాబు వంతుకొచ్చిన వాగొడ్డు చెలకను అతనే దున్ని పత్తి పెట్టాడు. నాటకం మా అందరికంటే మరిదే గట్టిగా ఆడుతున్నాడు అనుకుని సుజాత మురిసిపోయింది.

జంపక్క మాత్రం ఎవరూ చూడకుండా వచ్చేది. కొంగులో దాచి తెచ్చిన ఉడికించిన గడ్డలు పిల్ల చేతిలో పెట్టేది.

“గొట్టం ఎప్పుడొస్తదత్తా?”

“నాకేం తెల్సు బిడ్డా,” అని మొహం తిప్పుకునేది.

పత్తి పూతకొచ్చింది. ఒక పొద్దున ముత్యాలు పెదవులు నీలంగా మారాయి. సుజాత పిల్లను ఎత్తుకుని జీపులో ములకలపల్లి ఉరికింది. దవాఖానాలో సూది వేయించి, పిల్ల ఊపిరి కుదురుకున్నాక, అడుగుతూ అడుగుతూ గొట్టాలిచ్చే ఆఫీసుకు వచ్చింది. గుమ్మం దగ్గర స్టూలు మీద అటెండరు కూర్చున్నాడు.

“అన్నా, మాది మోదుగగూడెం. రాంబాబు మా మరిది, ఇక్కడికొచ్చి అడుగుతుంటడు. నేను పొయ్యి వేరు పెట్టుకుని కప్పుకు బొక్క కూడా చేసి ఉంచిన. సార్లు చూడనీకి ఎప్పుడొస్తరు?”

అటెండరు పిల్ల వైపు చూశాడు. లేచి, స్టూలు ఆమె వైపు జరిపాడు.

“ఆ స్కీం సర్కారు నిరుడే బంద్ పెట్టింది గదమ్మా,” అన్నాడు, “మొన్న శివరాత్రికి ముందే మీ రాంబాబు వచ్చి, నిజంగ బందయ్యిందా, మళ్ల రాదు గద అని రెండుసార్లు అడిగి మరీ పోయిండు.”