విడిగా ఒక్క మాట

"నేనూ లోపలికి వస్తానండీ. మా అక్కకి ఒంటరిగా ఉంటే కంగారు."

"కుదరదు," అంది కిడ్నీ డాక్టరమ్మ, తలుపు సగం మూసి. "ఇచ్చేవాళ్ళతో విడిగా మాట్లాడటం మా పద్ధతి. మీకు తెలియంది కాదుగా!"

"అది కాదండీ, ఆవిడకి బీపీ..."

"ఒరేయ్, నాకేం కంగారురా?" అక్క అతని భుజం మీద ఒక్కటి వేసింది. "నీకు కుడిది కావాలో ఎడమది కావాలో ఇప్పుడే చెప్పెయ్. తర్వాత మార్చమంటే ఊరుకోను."

నవ్వుకుంటూ వెళ్ళింది. అతని నీళ్ళ సీసా కూడా ఆవిడ సంచిలోనే వెళ్ళిపోయింది. డయాలసిస్ మీదున్న తమ్ముడు దాహానికి ఆగలేక గటగటా తాగేస్తాడని, దాన్ని తన దగ్గరే దాచుకుని మూతతో కొలిచి పోస్తుంది. బతిమాలినా అలిగినా మూతకి మించి చుక్క రాలదు.

తలుపు మూసుకుంది. అతను బల్ల మీద కూలబడ్డాడు.

ఆ క్లినిక్కులో డాక్టర్లందరికీ కలిపి ఒకటే వరండా. పళ్ళ డాక్టరు గదిలోంచి మర చప్పుడు, ఎముకల డాక్టరు గదిలోంచి మూలుగులు, కంటి డాక్టరు గది ముందు చుక్కలు వేయించుకుని కళ్ళు మూసుకున్న జనం. రోగం ఏదైనా కూర్చోవలసింది ఆ ఇనుప బల్లల మీదే. అతని పక్కన బుగ్గ వాచిన పెద్దాయన ఒకాయన, పన్ను పీకించుకునే ధైర్యం చాలక, వెనకొచ్చిన వాళ్ళనల్లా మర్యాదగా ముందుకు పంపిస్తున్నాడు.

"మీ అక్కగారా?" అన్నాడాయన బుగ్గ పట్టుకుని.

"అవునండీ. నాకు కిడ్నీ ఇస్తోంది. సరిపోతే."

"ఈ రోజుల్లో పక్కింటికి పంచదార ఇవ్వడానికే చేతులు రావడం లేదు. అదృష్టవంతుడివయ్యా."

"అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడేనండీ." అతని చూపు తలుపు మీదే ఉంది. "ఇంతసేపేమిటో!"

"మాట్లాడనీవయ్యా. ఆపరేషనంటే మాటలా?"

"మాట్లాడటానికి ఏముందండీ? ఇస్తానంది, వచ్చింది. ఆ పరీక్షలేవో చూసి పంపేస్తే పోలా?"

అతని కాలు ఆగకుండా ఊగుతోంది. పెద్దాయన ఆ మోకాలి మీద చెయ్యి వేసి ఆపాడు.

"అంత బెంగ పెట్టుకోకు. మీ అక్కకేం కాదు. ఇక్కడికి ఇదే మొదటిసారా?"

"కాదండీ. మా బావకీ ఇదే జబ్బు. ఈ డాక్టరమ్మే చూసేది. అప్పుడు ఇస్తానని నేనే ముందుకొచ్చాను. ఇదే గదిలో కూర్చున్నాను. తీరా చూస్తే సరిపోలేదన్నారు. ఇంకెవరూ దొరకలేదు. బావ పోయాడు."

"అయ్యో!"

"అక్కని పట్టుకుని ఏడ్చేశానండీ. ఒంట్లో రెండు పెట్టుకుని ఒకటి ఇవ్వలేకపోయానక్కా అని. అంత బాధలోనూ ఆవిడే నా కళ్ళు తుడిచి నాకు ధైర్యం చెప్పింది."

అది నిజం.

తలుపు తెరుచుకుంది. అక్క ఒక్కతే వచ్చి పక్కన కూర్చుంది. కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకుని ఉంది. సంచి పట్టీని వేలికి చుట్టుకుంటోంది, విప్పుకుంటోంది.

"ఏమన్నారక్కా?"

"ఏదో చెప్పింది." తలెత్తి అడిగింది. "అప్పుడు నిన్ను కూడా ఇలాగే ఒక్కణ్ణీ కూర్చోబెట్టి మాట్లాడింది కదరా?"

"ఆఁ."

"నీకేం చెప్పింది?"

"ఏముంటుందక్కా! బీపీ ఉందా, షుగరుందా, సిగరెట్టు తాగుతావా, అవే."

"ఇంకేం చెప్పలేదా?"

"ఇంకేం చెబుతుంది?"

"గుర్తు చేసుకోరా. నేనేమీ అనుకోను."

ఆ గొంతులో బతిమాలడం ఉంది. అక్క తనని బతిమాలడం అతను ఎన్నడూ ఎరగడు.

"నీమీదొట్టక్కా. ఇంకేమీ లేదు."

అక్క అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. చిన్నప్పుడు జ్వరం చూసినట్టు నుదుటి మీద చెయ్యి వేసి, తీసేసింది.

"కళ్ళజోడు లోపల మర్చిపోయాను. ఇప్పుడే వస్తా."

తలుపు మళ్ళీ మూసుకుంది.

"కళ్ళజోడు నెత్తి మీదే ఉంది కదయ్యా!" అని నవ్వబోయిన పెద్దాయన, పన్ను సలిపి మూలిగాడు.

అతనికి నవ్వు రాలేదు. లేచి తలుపు దాకా వెళ్ళి ఆగిపోయాడు.

ఈసారి ఎంతోసేపు పట్టలేదు. ముందు డాక్టరమ్మ, వెనక అక్క బయటికి వచ్చారు.

"సారీ అండీ," అంది డాక్టరమ్మ గోడవైపు చూస్తూ. "మీ అక్కగారిది మీకు సరిపోలేదు."

"సరిపోకపోవడమేమిటండీ? ఒక్క కడుపున పుట్టాం!"

"సరిపోలేదు. అంతకంటే నేను చెప్పగలిగింది లేదు."

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. అతను గోడ పట్టుకుని నిలబడ్డాడు. భార్యకి షుగరు, పిల్లలు పసివాళ్ళు. అతనికి ఇవ్వడానికి ఈ లోకంలో ఇంకెవరూ లేరు. కళ్ళలోంచి నీళ్ళు వాటంతటవే కారిపోతున్నాయి.

అక్క వాటిని అరచేత్తో తుడిచింది.

"ఒంట్లో రెండు పెట్టుకుని ఒకటి ఇవ్వలేకపోయానురా," అంది.

సంచిలోంచి సీసా తీసింది. మూత తీసి చెత్తబుట్టలో పడేసి, నిండు సీసా అతని చేతిలో పెట్టింది.

"తాగు నాన్నా. ఇక కొలతలెందుకు? దాహం తీరా తాగు."

"ఎంత ప్రేమో చూడు!" అన్నాడు పెద్దాయన, కళ్ళొత్తుకుంటూ.

అక్క వెనక్కి చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది. అతను పిలవలేదు. డాక్టరమ్మ తలుపు కొట్టి, ఇంకోసారి పరీక్ష చెయ్యండని అడగనూ లేదు.

ఇవ్వడం ఇష్టం లేకపోతే చెప్పండి, సరిపోలేదని నేనే చెప్పేస్తాను అని ఆ గదిలో డాక్టరమ్మ అతనికీ చెప్పింది. అన్నీ సరిపోయినా, బావకి ఆ మాటే చెప్పమని ఆనాడు ఆవిడని బతిమాలుకున్నది అతనే.