ఆఖరి కాపీ

“కేసెట్టు పెట్టరా కొర్నేలీ, అందరం విందాం,” అన్నాడు జోజి, లోపల పళ్ళు నూరుతూ, పైకి నవ్వుతూ.

మరోదా కాలనీలో కొర్నేలి క్వార్టరు వరండా నిండా హెవీ మెటల్ పాటల పిచ్చోళ్ళే. వాళ్ళ అభిమాన గ్రూపు కిందటి ఆల్బం వచ్చినప్పుడు కొర్నేలి, “బేండుమేళం మొహానికి మెటలేటిరా?” అని అందరి ముందూ వెక్కిరించి, అందరికీ ఇచ్చాక ఆఖర్న జోజికి కాపీ ఇచ్చాడు. ఈసారి కొత్త ఆల్బం అసలు కేసెట్టు జోజికే దొరికింది. మిగతావాళ్ళకి మంచి కాపీలిచ్చాడు. కొర్నేలికి మాత్రం బెల్టు వదులైన పాత టేప్‌రికార్డర్లో దాన్ని తిప్పి, పాటలన్నీ సాగిపోయేలా కాపీ తీసిచ్చాడు. ఇవాళ వీడి పరువు పోవాలి.

పాట మొదలైంది. గిటార్లు బరువుగా మోగాయి. గొంతు పాతాళంలోంచి వస్తున్నట్టుంది. జోజి నవ్వుల కోసం చూశాడు. ఎవరూ నవ్వలేదు.

“అరే యార్! మా కాపీల్లో వట్టి ఉరుకులాటే. ఈ ఆల్బం తుస్సుమందనుకున్నాం,” అంది డైసీ. “మెటలంటే ఇదిరా!”

“నాకో కాపీ!” “నాకూ!”

ఒళ్ళు మండి జోజి లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. నిజానికి తనకీ ఆ ఆల్బం ఇంతవరకూ నచ్చలేదు.

“కొర్నేలీ... నాకూ ఒక కాపీ తీసిస్తావేట్రా?”

కొర్నేలి తాపీగా కాలు మీద కాలేసుకున్నాడు.

“ఇస్తాన్రా. నీ నంబరు ఆఖర్న.”