శ్రీదేవికి జ్వరం

"శ్రీదేవిని పిలు బాబూ. జొరమని రాసింది. చారు తెచ్చినాను," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ ముసలాయన, చేతిలోని క్యారియర్ ఎత్తి చూపిస్తూ.

మఫ్లర్ చుట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చున్న హరికిరణ్‌కి పైప్రాణాలు పైనే పోయాయి. హిందీ మాట్లాడే ఆ ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్లో, బర్మామైన్స్ పేట సందులో కిరాణా కొట్టు మీద ఉన్న ఆ గదే అతని సాఫ్ట్‌వేర్ కంపెనీ. అందులో ఉన్నవి ఒక టేబులు, ఒక కుర్చీ, ఆ కుర్చీలో అతను. శ్రీదేవి అనే మనిషి ఈ లోకంలోనే లేదు.

"ఆప్ కౌన్, అంకుల్?"

"నాను తవిటయ్యని. బారిడీహ్‌లో జోగమ్మ క్యాంటీన్ లేదూ, ఆ జోగమ్మ పెనిమిటిని. యాప్‌లో అడ్రసు చూసుకుని వచ్చినాను. ఈ ఆఫీసు పిల్ల తెలుగులో ముత్యాల్లాంటి మాటలు రాత్తాది గదా, నువ్వేటి హిందీలో మాటాడతావు?"

ఏ షిఫ్టుకి ఎన్ని భోజనాలు వండాలో క్యాంటీన్లకి ముందే చెప్పే యాప్ హరికిరణ్‌ది. దానికి ఉన్న ఒకే ఒక్క కస్టమర్ జోగమ్మ క్యాంటీన్. కంపెనీ పెట్టి పైకొచ్చినవాళ్లు చెప్పిన పాఠాలన్నీ అతను వీడియోల్లో చూసి బట్టీపట్టాడు. 'ఒంటరివాడివని కస్టమర్‌కి తెలియనివ్వకు' అన్న పాఠం మరీ నచ్చింది. వెంటనే కస్టమర్ కేర్‌లో శ్రీదేవిని పుట్టించాడు.

జోగమ్మ యాప్ గురించి ఏదో అడుగుతూ మెసేజ్ పెట్టేది, శ్రీదేవి జవాబిచ్చేది. పోనుపోను యాప్ సంగతి వెనకబడి, "ఏటి వండుకున్నావే అమ్మా?" దగ్గర కబుర్లు మొదలయ్యేవి. ఇంట్లో తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతూ పెరిగిన హరికిరణ్, పోయిన నానమ్మ మాటలు వెతుక్కుని మరీ తెలుగు రాసేవాడు. తిన్నావా అని అతన్ని అడిగే మనిషి ఆవిడొక్కతే. పాపం, అడిగేది మాత్రం శ్రీదేవిని.

"వో తో ఛుట్టీ పే హై, అంకుల్."

"సెలవైతే ఇల్లెక్కడో చెప్పు, ఇచ్చేసి ఎల్తాను. వండిపెట్టే దిక్కు లేదని రాసింది పిల్ల."

అబద్ధం ఒంటరిగా బతకలేదు, దానికి తోడు కావాలి. "నౌకరీ ఛోడ్ దీ. గావ్ చలీ గయీ," అనేశాడు.

తవిటయ్య గుమ్మంలోనే చతికిలబడ్డాడు. "ఉద్యోగం మానేసి ఊరెల్లిపోనాదా? చెప్పకుండానే? నిన్న కూడా రాసింది గదా, బారిడీహ్‌లో వాన పడతందా అనడిగింది."

ఆలుమగలు పక్కపక్కన కూర్చుని చదువుకుంటారు కాబోలు అనుకున్నాడు హరికిరణ్. అసూయలాంటిది కలిగింది.

"అలాగైతే మీ యాప్ కూడా తీసెయ్ బాబూ. భోజనాల లెక్క మేం చేతి ఏళ్ల మీద కట్టుకోగలం. ఆ పిల్ల కోసమే ఉంచినాం."

ఈ క్యాంటీన్ పోతే కంపెనీకి తాళమే. శ్రీదేవి బదులు ఇంకో అమ్మాయి వచ్చిందని చెబితే చాలు, గండం గడుస్తుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ముసలాయన తువ్వాలుతో కళ్లొత్తుకోవడం చూశాక దాన్ని మింగేశాడు.

"శ్రీదేవి లేదు అంకుల్. ఎప్పుడూ లేదు," అన్నాడు, తెలుగు తడబడుతుండగా. "అవన్నీ నేనే రాశాను. జ్వరం కూడా నాదే."

తవిటయ్య మోకాళ్లు పట్టుకుని లేచి వచ్చి అతని నుదుటి మీద చెయ్యి వేశాడు.

"కాలిపోతన్నాది," అన్నాడు.

హరికిరణ్‌కి ఏడుపు ఆగలేదు. "జోగమ్మగారికి చెప్పకండి. నేనే వచ్చి కాళ్లు పట్టుకుంటాను. మోసం చేశాననుకుంటుంది. ఆవిడ కూడా మాట్లాడకపోతే నాకింకెవరూ..."

ముసలాయన క్యారియర్ విప్పి, మూతలోకి వేడి చారు వంచాడు. అతని మొహంలోకి చూడకుండా అందించాడు.

"ముందిది తాగు నాయనా. చారు కాసింది నానే, ఇన్నాళ్లూ నీకు రాసిందీ నానే. జోగమ్మ కరోనాలోనే ఎల్లిపోనాది."